ఫారం జీవాల్లో యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా

మనిషి తిండి కోసం, పాల కోసం పెంచే కోళ్లు, పందులు, ఆవులు, గేదెలు, గొర్రెలు, చెరువుల్లోని చేపలు, రొయ్యలు అన్నిటి పేగుల్లోనూ, ఒంటి మీదా కోటానుకోట్ల బాక్టీరియా ఉంటుంది. అందులో చాలా మటుకు హాని చేయనిదే. ఈ బాక్టీరియాలో యాంటీబయాటిక్ మందులు తగిలినా చావకుండా పెరిగే రకాలు గత 70 ఏళ్లలో ఫారాల్లో బాగా హెచ్చాయి. పేగుల్లో ఉండే ఇ.కోలి, ఎంటరోకోకస్, సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టెఫిలోకోకస్ ఆరియస్, రొయ్యల చెరువుల్లోని విబ్రియో వీటిలో ముఖ్యమైనవి. ఇవి పశువును ముట్టుకున్నవారికి నేరుగా సోకవచ్చు. మాంసం, పచ్చిపాలు, పేడ, నీళ్ల ద్వారా చేరవచ్చు. ఒక్కోసారి బాక్టీరియా మనిషి ఒంట్లో నిలవకుండా పోయినా, దాని నిరోధక జన్యువు మాత్రం అక్కడున్న మరో బాక్టీరియాకు చేరి ఉండిపోతుంది.

మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఈ మరణాలన్నిటినీ పశుపోషకుల ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో మనుషుల కోసం అయ్యే వాడకమే వీటికి ప్రధాన కారణం. అయినా పశువులకు వెళ్లే మందు తక్కువేమీ కాదు. 2020లో అది 99,502 టన్నులు ఉండవచ్చని ఒక అంతర్జాతీయ అంచనా. పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సల్ఫా, ఫ్లోరోక్వినలోన్ వంటి మందుల కుటుంబాలు మనుషులకూ పశువులకూ ఉమ్మడివి కాబట్టి, ఒకచోట పనికిరాకుండా పోయిన మందు రెండోచోటా పనికిరాకుండా పోయే ముప్పు ఉంది.

నిరోధకత పుట్టుక, ప్రయాణం

యాంటీబయాటిక్‌లలో చాలావాటిని మొదట తయారుచేసింది మట్టిలోని సూక్ష్మజీవులే. వాటిని తట్టుకునే జన్యువులు కూడా మనిషి మందులు కనిపెట్టక ముందునుంచే ప్రకృతిలో ఉన్నాయి. మందు నిరోధకతను కొత్తగా సృష్టించదు. నిరోధకత లేని బాక్టీరియాను చంపేసి, ఉన్నదానికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. కొన్ని బాక్టీరియాలు మందును ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. కొన్ని మందును లోపలికి రాగానే బయటికి తోసేస్తాయి. కొన్ని మందు పట్టుకోవలసిన చోటునే మార్చేసుకుంటాయి.

ఈ గుణం తల్లికణం నుంచి పిల్లకణానికి మాత్రమే వెళ్లేదైతే సమస్య ఇంత పెద్దది అయ్యేది కాదు. చాలా నిరోధక జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటాయి. ఇంటి తాళంచెవికి నకలు చేయించి పొరుగువారికి ఇచ్చినట్టు, ఒక బాక్టీరియా తన ప్లాస్మిడ్‌కు ప్రతి తీసి, తనది తాను ఉంచుకునే పక్కదానికి అందిస్తుంది. ఇచ్చేది ఇ.కోలి, పుచ్చుకునేది సాల్మొనెల్లా అయినా ఇబ్బంది లేదు. జపాన్ శాస్త్రవేత్తలు జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా మీద పనిచేస్తూ 1959లో ఈ సంగతి కనుగొన్నారు. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల నిరోధక జన్యువులు పక్కపక్కనే ఉండటం మామూలే. అలాంటప్పుడు ఒక్క మందు వాడినా మిగతా వాటికి కూడా నిరోధకత పెరుగుతుంది. దీనికి తిరుగులేని రుజువు తర్వాత డెన్మార్క్ పందుల్లో దొరికింది.

దాణాలోకి మందు ఎలా వచ్చింది

ఈ చరిత్ర మొదటి అధ్యాయం జరిగింది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ దగ్గరున్న లెడర్లీ ప్రయోగశాలలో. 1940లలో అక్కడి పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక స్ట్రెప్టోమైసిస్ నుంచి క్లోర్‌టెట్రాసైక్లిన్‌ను వెలికితీశారు. 1948లో ఆరియోమైసిన్ పేరుతో వెలుగులోకి వచ్చిన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ తర్వాత అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు విటమిన్ బి12 అందించే చవక మార్గం కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని దాణాలో కలిపి చూశారు. పిల్లలు అనుకున్నదానికన్నా బాగా పెరిగాయి. విటమిన్ ఒక్కటే కారణం కాదని, పిప్పిలో మిగిలిన కొద్దిపాటి మందు ఆ పని చేస్తోందని తేలింది. 1950లో ఈ వార్త బయటికి వచ్చింది. 1951లో అమెరికా ప్రభుత్వం పశువైద్యుడి చీటీ అక్కర్లేకుండానే దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడానికి అనుమతించింది. మనుషుల జబ్బులు నయం చేయడానికి సుబ్బారావు బృందం వెలికితీసిన మందు ఆయన పోయిన మూడేళ్లకే కోళ్ల దాణాలో దినుసుగా మారిపోయింది. మందు చవకైంది, మాంసం కూడా చవకైంది. జబ్బు లేని జీవికి రోజూ కొద్దికొద్దిగా మందు పెట్టే పద్ధతి ప్రపంచమంతా పాకింది. బాక్టీరియాను చంపడానికి చాలని, బలమైనదాన్ని ఏరిపెట్టడానికి మాత్రం సరిగ్గా సరిపోయే మోతాదు అది.

హెచ్చరిక ఆలస్యం కాలేదు. స్ట్రెప్టోమైసిన్ తిన్న టర్కీ కోళ్లలో నిరోధక బాక్టీరియా పెరుగుతోందని 1951లోనే అమెరికా పరిశోధకులు చూపించారు. 1960లలో బ్రిటన్‌లో దూడల మధ్య పలు మందులకు లొంగని సాల్మొనెల్లా వ్యాపించి మనుషులకూ సోకింది. ఆ దేశ ప్రభుత్వం మైకేల్ స్వాన్ అధ్యక్షతన వేసిన కమిటీ, మనుషుల చికిత్సకు పనికివచ్చే మందులను పెరుగుదల కోసం దాణాలో వాడకూడదని 1969లో స్పష్టంగా చెప్పింది. అప్పటికే విషయం అర్థమైంది. దాన్ని ఆచరణలో పెట్టడానికి యూరప్‌కు మరో 37 ఏళ్లు పట్టింది.

అమెరికాలో స్టువర్ట్ లెవీ 1976లో ప్రచురించిన ప్రయోగం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మసాచుసెట్స్‌లోని ఒక కుటుంబం పొలంలో సుమారు 300 కోడిపిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపు దాణాలో ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపారు. వారం తిరిగేసరికి ఆ కోళ్ల పేగుల్లోని ఇ.కోలి దాదాపు మొత్తం ఆ మందుకు లొంగనిదైపోయింది. కొన్ని వారాలు గడిచాక, ఆ కోళ్లు ఎన్నడూ తినని ఇతర మందులను కూడా ఆ బాక్టీరియా తట్టుకుంది. అయిదారు నెలలకు ఆ ఇంట్లోవాళ్ల మలం నమూనాల్లో 31 శాతంలో పేగు బాక్టీరియా అత్యధిక భాగం టెట్రాసైక్లిన్‌కు లొంగనిదిగా తేలింది. ఇరుగుపొరుగు కుటుంబాల్లో ఇది 7 శాతం లోపే. ఆ ఇంట్లో ఎవరూ మందు మింగలేదు, కోళ్లకు దాణా వేశారంతే. మందు కలిపిన దాణా ఆపేశాక, ఆరు నెలలకు పరీక్షించిన పదిమందిలో ఎనిమిదిమందిలో ఆ బాక్టీరియా కనిపించకుండా పోయింది. మందు ఆపితే నిరోధకత వెనక్కు తగ్గగలదని కూడా ఆ పొలమే చూపించింది.

షెడ్డులో, పశువుల పాకలో

ఫారాల్లో మందు వాడకం మూడు రకాలు. జబ్బు చేసినదానికి చికిత్స ఒకటి. గుంపులో ఒకటి రెంటికి జబ్బు వస్తే అన్నిటికీ ఇవ్వడం రెండోది. జబ్బు ఏదీ లేకుండా ముందుజాగ్రత్త కోసమో, బరువు కోసమో ఇవ్వడం మూడోది. మొదటిది అవసరం. దాన్ని తప్పుపట్టేవారు పశువు బాధను చూడనివారే. చిక్కంతా మిగతా రెండిటితోనే.

బ్రాయిలర్ షెడ్డులో వేల కోళ్లు ఒకే కప్పు కింద అయిదారు వారాలు పెరుగుతాయి. అన్ని కోళ్లను విడివిడిగా పట్టి సూది వేయడం కుదరని పని. కాబట్టి మందును తాగే నీళ్లలో కలుపుతారు. జబ్బుపడిన కోడి ముక్కుతూ మూలుగుతూ మూలన కూర్చుని నీళ్లు తక్కువ తాగుతుంది. ఆరోగ్యంగా ఉన్నది నిపిళ్ల దగ్గరికి ముందు చేరి ఎక్కువ తాగుతుంది. మందు ఎక్కువ కావలసినదానికి తక్కువ, అక్కర్లేనిదానికి ఎక్కువ చేరుతుంది. తాగినదానిలో కొంత భాగం మార్పు లేకుండా రెట్టలో బయటికి వచ్చి కింద పరిచిన ఊకలో కలుస్తుంది. కోళ్లు ఆ ఊకనే పొడుచుకుంటాయి. బ్యాచ్ అయిపోయాక ఆ లిట్టర్ ఎరువుగా పొలాలకు, కొన్నిచోట్ల చేపల చెరువులకు వెళ్తుంది. మందు, బాక్టీరియా, నిరోధక జన్యువు మూడూ దానితోపాటే వెళ్తాయి.

పాడిలో పెద్ద సమస్య పొదుగువాపు వ్యాధి. పొదుగు గట్టిపడి, పాలు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా వస్తాయి. రెండు గేదెల మీద బతికే ఇంట్లో ఒకదానికి ఈ జబ్బు వస్తే నెల ఆదాయం పోయినట్టే. కాబట్టి ఏ బాక్టీరియానో పరీక్ష చేయించకుండానే చేతికందిన సూదిమందు వేయించడం, రెండు రోజుల్లో వాపు తగ్గగానే కోర్సు ఆపేయడం జరుగుతుంటుంది. మందు వేసిన పశువు పాలను కొన్ని రోజులు అమ్మకూడదు. ఆ పాలు కలిసిన క్యాన్‌లో పెరుగు సరిగా తోడుకోదు, ఎందుకంటే మిగిలిన మందు తోడు బాక్టీరియాను కూడా చంపుతుంది. అమ్మలేని ఆ పాలను దూడలకు తాపితే వాటి పేగుల్లో నిరోధక బాక్టీరియా పెరుగుతుంది.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. మాంసంలో, పాలలో మిగిలిపోయే మందు అవశేషాలు ఒకటి. నిరోధక బాక్టీరియా మరొకటి. పత్రికల్లో మొదటిదాని గురించే ఎక్కువ వస్తుంది. మందు వేశాక ఆగాల్సిన గడువు పాటిస్తే అవశేషాలు పోతాయి గానీ, అప్పటికే పశువు పేగుల్లో స్థిరపడిన బాక్టీరియా గడువుతో పోదు. పాలు పొంగేదాకా కాచడం, మాంసం బాగా ఉడికించడం బాక్టీరియాను చంపుతాయి. పచ్చిమాంసం కోసిన కత్తితోనే కడగకుండా కూరగాయలు కోస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది.

ఫారం దాటి వచ్చిన రకాలు

నెదర్లాండ్స్‌లో 2004లో పందులు పెంచే ఒక కుటుంబంలోని పాపకు శస్త్రచికిత్స ముందు జరిపిన పరీక్షలో మెతిసిలిన్ అనే మందుకు లొంగని స్టెఫిలోకోకస్ ఆరియస్, అంటే ఎం.ఆర్.ఎస్.ఎ., బయటపడింది. ఆ దేశపు ఆసుపత్రుల్లో ఇది చాలా అరుదు. ఆ ప్రాంతంలో 26 మంది పందుల రైతులను పరీక్షిస్తే ఆరుగురిలో దొరికింది. ఎస్.టి.398 అనే ఈ రకం జన్యుచరిత్రను 2012లో పరిశీలించారు. ఇది మొదట మనుషుల దగ్గర మందులకు లొంగే మామూలు బాక్టీరియాగా ఉండి, పశువుల్లోకి వెళ్లి, అక్కడ టెట్రాసైక్లిన్, మెతిసిలిన్ నిరోధకతలు సంపాదించుకుని తిరిగి మనుషుల దగ్గరికి వచ్చిందని ఆ పరిశీలన సూచించింది.

అమెరికాలో కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకం 1990ల మధ్యలో మొదలయ్యాక, మనుషులకు విరేచనాలు కలిగించే కాంపైలోబాక్టర్‌లో అదే ఫ్లోరోక్వినలోన్ కుటుంబానికి చెందిన సిప్రోఫ్లాక్సాసిన్ నిరోధకత పెరిగింది. సుదీర్ఘ వాదోపవాదాల తర్వాత 2005లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ కోళ్లలో ఆ మందును ఆపించింది.

అన్నిటికన్నా కలవరపెట్టింది చైనా వార్త. మూత్రపిండాలకు హాని చేస్తుందని వైద్యులు పక్కనబెట్టిన కోలిస్టిన్, మిగతా మందులేవీ పనిచేయని రోగులకు చివరి ఆసరాగా మళ్లీ వాడకంలోకి వచ్చిన మందు. దాన్నే చైనాలో పందుల దాణాలో టన్నులకొద్దీ కలిపేవారు. ప్లాస్మిడ్ మీద కోలిస్టిన్ నిరోధకతను మోసుకెళ్లే ఎం.సి.ఆర్-1 జన్యువు అక్కడి పందిలోని ఇ.కోలిలో దొరికిందని 2015 నవంబరులో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పందుల నుంచి తీసిన 804 ఇ.కోలి నమూనాల్లో 166లో, మాంసపు నమూనాల్లో 15 శాతంలో, ఆసుపత్రి రోగుల్లో దాదాపు ఒక శాతం మందిలో అది ఉంది. పందుల్లో ఎక్కువ, మాంసంలో అంతకన్నా తక్కువ, మనుషుల్లో అతితక్కువ. జన్యువు ఎక్కడ పుట్టి ఎటు వెళ్తోందో ఈ వరుసే సూచిస్తోంది. వార్త వచ్చాక వెతికితే ఎన్నో దేశాల పాత నమూనాల్లోనూ అది కనిపించింది.

భారతదేశంలో, తెలుగునాట

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది, తెలంగాణ కూడా ముందువరుసలో ఉంది. దేశంలో చెరువుల్లో పెరిగే రొయ్యల్లో సగానికి పైగా ఆంధ్ర తీరానివే. అందుకే నిరోధక బాక్టీరియా సమస్య తెలుగువారి అన్నం కంచానికీ, లక్షల కుటుంబాల జీవనోపాధికీ సంబంధించినది.

పంజాబ్‌లోని కోళ్ల ఫారాల మీద 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, ముఖ్యమైన పలు పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులను విరగ్గొట్టే ఇ.కోలి బ్రాయిలర్ ఫారాల నమూనాల్లో 87 శాతం, గుడ్ల కోళ్ల ఫారాల్లో 42 శాతం ఉంది. త్వరగా బరువు పెంచి అమ్మే కోళ్లలో సమస్య రెట్టింపు ఉందన్నమాట. కోలిస్టిన్‌ను ఆహార జంతువులకు, కోళ్లకు, ఆక్వాకు, దాణాకు వాడటాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. ఇది ఆలస్యంగానైనా గట్టిగా తీసుకున్న నిర్ణయం. మందు వేశాక పాలు, మాంసం అమ్మకుండా ఆగాల్సిన గడువును సీసా మీద రాయాలని 2012 నుంచి నిబంధన ఉంది. ప్రత్యేకంగా రాయనప్పుడు పాలు, గుడ్లకు కనీసం 7 రోజులు, కోడి, పశు మాంసానికి 28 రోజులు, చేపలకు 500 డిగ్రీ-రోజులు (నీటి ఉష్ణోగ్రతను రోజులతో గుణిస్తే 500 అయ్యేదాకా) ఆగాలి. నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలుంటే చేపకు ఇది సుమారు 18 రోజులవుతుంది.

రొయ్యల సంగతి వేరు. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు దొరికితే చాలు, దిగుమతి దేశాలు కంటైనర్లు తిప్పి పంపుతాయి. 2016లో ఐరోపా సమాఖ్య మన ఆక్వా సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను పరీక్షించాలని నిర్ణయించింది. రైతుకు నష్టం తెచ్చే జబ్బుల్లో ముందుండేది తెల్లమచ్చ. అది వైరస్ జబ్బు. ఎదుగుదల ఆపేసే ఇ.హెచ్.పి. ఒక రకం పరాన్నజీవి వల్ల వస్తుంది. ఈ రెండిటి మీదా యాంటీబయాటిక్ ఏమాత్రం పనిచేయదు. అయినా పంట పోతుందన్న భయంలో, ఎవరో చెప్పారని చెరువులో మందు పోస్తే వైరస్ అలాగే ఉంటుంది, విబ్రియో మాత్రం మొండికెక్కుతుంది, సరుకు తిరస్కరణకు గురవుతుంది. తెలుగు రైతు ఈ మందుల మీద ఖర్చు చేసే ప్రతి రూపాయీ మూడు విధాల నష్టమే. ఆహారం కోసం పెంచే ఏ జీవానికీ క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు వాడకుండా 2025లో కేంద్రం దేశమంతటికీ నిషేధం విధించింది.

ఇంకొక సంగతి పశుపోషణకు నేరుగా చెందకపోయినా చెప్పక తప్పదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. అలాంటి నీరు కలిసే వాగుల్లో దిగిన పశువుకు రైతు ఏ మందూ ఇవ్వకపోయినా నిరోధక బాక్టీరియా అంటుకోవచ్చు.

తగ్గించి చూపినవారు

స్వీడన్ 1986లో పెరుగుదల మందులను నిషేధించింది. మనుషులకు వాడే వాంకోమైసిన్‌కు దగ్గరి చుట్టమైన అవోపార్సిన్‌ను డెన్మార్క్ 1995లో ఆపింది. అప్పుడు అక్కడి బ్రాయిలర్ కోళ్లలో ఎంటరోకోకస్ ఫీసియం నమూనాల్లో దాదాపు 73 శాతం ఆ మందుకు లొంగనివి. 2000 నాటికి అది 6 శాతానికి పడిపోయింది. పందుల్లో మాత్రం మొదట తగ్గలేదు. కారణం వెతికితే, ఆ నిరోధక జన్యువు పక్కనే అదే ప్లాస్మిడ్ మీద టైలోసిన్ అనే మరో మందు నిరోధక జన్యువు కూడా ఉందని తేలింది. పందులకు టైలోసిన్ ఇస్తున్నంతకాలం రెండూ కలిసే బతికాయి. 1998లో పెరుగుదల కోసం టైలోసిన్ వాడకం ఆగాక పందుల్లోనూ తగ్గింది. 2006 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య అంతటా పెరుగుదల మందులు నిషేధం.

డెన్మార్క్‌లో అంతా సాఫీగా ఏమీ జరగలేదు. పాలు మాన్పించిన పందిపిల్లల్లో విరేచనాలు పెరిగి, కొన్నేళ్లు చికిత్స మందుల వాడకం హెచ్చింది. పిల్లలను ఆలస్యంగా వేరుచేయడం, మేత మార్చడం, టీకాలు వేయడం నేర్చుకున్నారు. మందులమ్మి పశువైద్యులు లాభం తీసే పద్ధతిని 1995లోనే కట్టడి చేశారు. 2010 నుంచి ఎక్కువ మందు వాడే ఫారాలకు పసుపు కార్డు ఇచ్చి హెచ్చరిస్తున్నారు. నెదర్లాండ్స్‌లో పశువుల మందుల అమ్మకం 2009తో పోలిస్తే 2020 నాటికి దాదాపు 70 శాతం తగ్గింది. నార్వే సాల్మన్ చేపల పెంపకం 1987లో సుమారు 50 టన్నుల మందు మింగింది. టీకాలు వచ్చాక కొన్నేళ్లలోనే అది ఒకటి రెండు టన్నులకు పడిపోయింది, చేపల దిగుబడి మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. రొయ్యకు చేపలా టీకా పనిచేయదు. అందుకే రొయ్యల పెంపకంలో జబ్బులేని సీడ్, చెరువులో తగుమాత్రం సాంద్రత, నీటి శుభ్రతే దిక్కు.

చైనా కూడా 2017లో దాణాలో కోలిస్టిన్‌ను ఆపేసింది. 2015-16తో పోలిస్తే 2017-18 నాటికి పందుల్లో కోలిస్టిన్‌కు లొంగని ఇ.కోలి 34 శాతం నుంచి 5.1 శాతానికి, కోళ్లలో 18.1 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఇంత పెద్ద దేశంలో ఇంత త్వరగా ఫలితం వచ్చిందంటే, మన దగ్గర సాధ్యం కాదనడానికి కారణం కనబడదు.

చిన్నరైతు చేతిలో ఉన్న పనులు ఖర్చుతో కూడినవి కావు. గాలికుంటు, గొంతువాపు టీకాలు వేళకు వేయించడం, పాలు పితికే ముందూ తర్వాతా పొదుగు కడిగి తుడవడం, బ్యాచ్‌కు బ్యాచ్‌కు మధ్య షెడ్డును ఖాళీగా ఉంచి సున్నం వేయడం, మందు మొదలుపెడితే చెప్పినన్ని రోజులూ వాడటం. పశువుకు జబ్బు చేసినప్పుడు మందుల షాపుకు వెళ్లేముందు పశువైద్యుణ్ణి పిలవండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం కోసం ఫోన్ చేయవలసిన ఉచిత నంబరు 1962.